పోటీ పరీక్షల ప్రత్యేకం: ఎరవికులం జాతీయ పార్కు

కేరళ ఇడుక్కి జిల్లా, మున్నార్ సమీపం. విస్తీర్ణం 97 చ.కి.మీ. అభయారణ్యం 1975, జాతీయ పార్కు 1978.

ఆనైముడి (2,695 మీ.) ఇక్కడే, దక్షిణ భారతంలో ఎత్తైన శిఖరం. దొడ్డబెట్ట (2,637 మీ.) నీలగిరుల్లో ఎత్తైనది. చాలామంది తారుమారు చేసే బిట్ ఇదే.

ముఖ్య జంతువు నీలగిరి తార్. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. పార్కు కేరళది, కానీ తార్ తమిళనాడు రాష్ట్ర జంతువు, కేరళది ఏనుగు. తప్పక గుర్తుంచుకోండి!

నీలకురింజి: 12 ఏళ్లకోసారి పూత. గతం 2018, తదుపరి 2030.

సందర్శన రాజమల ప్రాంతం వరకే. తార్ ఈనే కాలంలో (సాధారణంగా ఫిబ్రవరి–మార్చి) ప్రవేశం మూసివేత. ఈ నిబంధన ఎంతో అవసరం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972: జాతీయ పార్కు ప్రకటన సెక్షన్ 35. పార్కులో పశువుల మేత నిషిద్ధం.

ఈ పార్కు ఉన్న పశ్చిమ కనుమలకు యునెస్కో గుర్తింపు: 2012.