స్థావర రక్షణము - జంగమ ధర్మము

రాతి గుడికన్న చైతన్యమూర్తియైన జంగమమే మిన్న యని బసవేశ్వరుని బోధ. మరి ప్రాచీన కట్టడములను కాపాడుట యెందులకు?

కృష్ణాతీరమున రెండు నిదర్శనములు గలవు. కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమున, 1982లో పూర్తియైన నారాయణపుర జలాశయమున మునుగకుండ బసవేశ్వరుని ఐక్యస్థలము చుట్టును బావివంటి కట్టడమును నిర్మించిరి. భక్తులు మెట్లు దిగి దర్శించుచున్నారు. కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లిలో, శ్రీశైలము జలాశయపు ముంపునకు గురియైన చాళుక్యులనాటి సంగమేశ్వరాలయమును విప్పి, ఆ రాళ్లతోనే అలంపురమున తిరిగి నిలిపిరి.

ఒకచోట స్థలము దక్కినది. వేరొకచోట శిల దక్కినది. రెంటిని దక్కించినది మానవ ప్రయత్నమే. ఆ ప్రయత్నమే జంగమము. కావున తమ యూరి పాత మఠమున శాసనాక్షరములపై సున్నము పూయనీయకుండుట, గోడసందుల రావిమొలకలను మొదటనే తొలగించుట ప్రతి భక్తుని కాయకము.