తగ్గని మెడ బిళ్ల, నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా

ప్రశ్న: మెడ పక్కన బిళ్ల కట్టి రెండు నెలలైనా తగ్గనప్పుడు, సూది పరీక్షలో ఏమీ తేలకపోయినా క్షయ మందులు మొదలుపెట్టవచ్చా?

జవాబు: భారతదేశంలో మెడ బిళ్లలకు క్షయ తరచుగా కనిపించే కారణం కాబట్టి ఆ అనుమానం సహజమే అయినా, క్షయ ఉన్నట్టు ఆధారం దొరకకుండానే నెలల తరబడి మందులు వాడించడం తగదు. విడవని జ్వరం, పక్కబట్టలు తడిసేంత రాత్రి చెమట, ఆరు నెలల్లో శరీర బరువులో 10 శాతానికి మించి తగ్గిపోవడం అనే లక్షణాలు క్షయలోనూ, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరిగే క్యాన్సరైన లింఫోమాలోనూ ఒకేలా ఉంటాయి. సూదితో తీసిన ద్రవంలో కణాలు విడివిడిగా వస్తాయే తప్ప గ్రంథిలో వాటి అమరిక తెలియదు. లింఫోమా రకం తేలడానికి ఆ అమరికే కీలకం. అందువల్ల వీలైనంత వరకు బిళ్లను మొత్తంగా తీసి, ఒక భాగాన్ని ఫార్మాలిన్‌లో పాథాలజీ పరీక్షకు, మరో భాగాన్ని ఫార్మాలిన్ తగలకుండా సెలైన్‌లో క్షయ కల్చర్‌కు పంపితే రెండు అనుమానాలూ ఒకే శస్త్రచికిత్సతో తీరుతాయి. అంతకు ముందే స్టెరాయిడ్లు వాడితే బిళ్ల తాత్కాలికంగా కరిగి, ముక్క పరీక్షలోనూ వ్యాధి మరుగున పడవచ్చు కనుక, అత్యవసరమైతే తప్ప వాటిని ఆపి ఉంచడం ఎంతో ముఖ్యం.

ప్రశ్న: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట నిజమేనా?

జవాబు: లింఫోమా విషయంలో ఆ భయానికి ఆధారం లేదు, హాని చేసేది ఆలస్యమే.

ప్రశ్న: నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలో రకాలు ఎన్ని?

జవాబు: 1832లో థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన వ్యాధిని మినహాయిస్తే మిగిలిన లింఫోమాలన్నీ ఈ పేరు కిందికే వస్తాయి కాబట్టి ఇది ఒక జబ్బు కాదు, డజన్ల కొద్దీ జబ్బుల సముదాయం. వీటిలో అధికభాగం లింఫోసైట్లలోని బి-కణాల నుంచి, కొన్ని టి-కణాల నుంచి పుడతాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకం వేగంగా పెరిగినా, నాలుగో దశలో సైతం పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్న వ్యాధి. ఫాలిక్యులర్ రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. దాన్ని సమూలంగా తొలగించడం కష్టమైనా, ఇబ్బందులేవీ లేని రోగిని మందులు ఇవ్వకుండా క్రమం తప్పక పరీక్షిస్తూ ఉండడమే సరైన పద్ధతి కావచ్చు. ఉగాండా పిల్లల్లో డెనిస్ బర్కిట్ గుర్తించి 1958లో ప్రకటించిన రకం ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు కాబట్టి దానికి తక్షణ చికిత్స కావాలి. హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా వల్ల కడుపులో వచ్చే మాల్ట్ లింఫోమా తొలిదశలో చాలామందికి కేవలం యాంటీబయాటిక్ మందులతోనే తగ్గిపోతుంది.

ప్రశ్న: చికిత్స ఎలా ఉంటుంది?

జవాబు: కణాల మీది గుర్తులను పట్టి చూపే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీతో రకాన్ని, పెట్-సీటీ స్కాన్‌తో వ్యాప్తిని నిర్ధారించాకే చికిత్స నిర్ణయమవుతుంది. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకానికి ఎక్కువగా వాడే ఆర్-చాప్ పద్ధతిలో అయిదు మందులను 21 రోజులకొకసారి చొప్పున సాధారణంగా ఆరు విడతలు ఇస్తారు; దీంతో సగానికి మించిన రోగులకు వ్యాధి శాశ్వతంగా నయమవుతుంది. ఈ అయిదింటిలో విన్‌క్రిస్టిన్ తెలుగువారి పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చినది. వీటిలోనే మరొకటైన, బి-కణాల మీది సీడీ20 అనే గుర్తును పట్టి అంటుకునే రిటుక్సిమాబ్‌కు 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ బయోసిమిలర్‌ను, అంటే దానికి సరిపోలే మందును, తేవడంతో ఖర్చు తగ్గి, అంతకు ముందు ఈ మందును కొనలేకపోయిన ఎందరికో అది అందింది. వ్యాధి తిరగబెడితే మూలకణ మార్పిడి, రోగి టి-కణాలనే మార్చి ఎక్కించే కార్-టి కణ చికిత్స వంటివి ఉన్నాయి.

ఆర్-చాప్‌లోని మరో మందు డాక్సోరూబిసిన్ గుండె కండరాన్ని బలహీనపరచగలదు కనుక ముందుగా ఎకో పరీక్ష అవసరం. రిటుక్సిమాబ్ వల్ల శరీరంలో అణగి ఉన్న హెపటైటిస్-బి వైరస్ మళ్లీ విజృంభించి కాలేయాన్ని ప్రాణాంతకంగా దెబ్బతీయవచ్చు కాబట్టి తొలి విడతకు ముందే ఆ రక్తపరీక్ష తప్పనిసరి. వైరస్ జాడ కనిపించినవారు వైరస్‌ను అణచే మాత్రలను చికిత్స ముగిశాక కూడా కనీసం ఏడాది పాటు, వైద్యులు చెప్పేదాకా మానకూడదు.