నడుముకు బలం

రాయచూరు జిల్లా గిల్లేసూగూరు ప్రాంతంలో వరినాట్లు వేసే స్త్రీలు పొద్దంతా వంగి పనిచేస్తారు. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. ఎందుకు?

నడుము భాగంలో 5 పెద్ద వెన్నుపూసలుంటాయి. వీపు, పొట్ట, పిరుదుల కండరాలు వాటికి ఆసరా. అవి బలహీనమైతే నడుము త్వరగా అలసిపోతుంది.

సేతుబంధాసనం: వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి నడుమును మెల్లగా పైకెత్తాలి. 5 లెక్కపెట్టి దించాలి.

భుజంగాసనం: బోర్లా పడుకొని, అరచేతులు భుజాల పక్కన ఆనించి తలను, ఛాతీని పైకెత్తాలి.

రోజూ ఒక్కొక్కటి 5 సార్లు చేయాలి. ఊపిరి బిగపట్టరాదు.

నొప్పి ఉందని రోజుల తరబడి మంచం పడితే కండరాలు మరింత బలహీనపడతాయి. మెల్లగా నడవడం మేలు. కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా వ్యాయామం మాని వెంటనే వైద్యునికి చూపించాలి.

అభ్యాసం: మీ ఇంట్లో వంగి చేసే పనులేవి? రాయండి. ఈ ఆసనాలు మీరు నేర్చుకొని అమ్మకు నేర్పండి.