సూక్ష్మజీవిని తూచు అయస్కాంతపు పట్టీ

తంబురాలో సన్నతీగకన్న లావుతీగ మెల్లగ కంపించును. బరువు హెచ్చినకొలది కంపనము మందగించును. కంటికానని సూక్ష్మజీవిని పసిగట్టుటకును ఈ సూత్రమే ఆధారము.

అయస్కాంత ప్రభావమున ఇనుము పొడవు రవ్వంత మారునని 1842లో జౌల్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అట్టి గుణముగల లోహపు పట్టీ, దిశ మారుచుండు అయస్కాంత క్షేత్రమున కంపించును. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయమువారు దానిపై సాల్మొనెల్లా క్రిమిని పట్టుకొను పూత పూసి, టమాటాలపై పరీక్షించిరి. క్రిమి అంటుకొన్నచో బరువు పెరిగి కంపనవేగము తగ్గును. ప్రక్కనున్న తీగచుట్ట ఆ మార్పును గ్రహించును; పట్టీకి తీగల బంధమక్కరలేదు. సరిచూచుటకు పూతలేని పట్టీ మరియొకటి ఉంచుదురు.

పంచాయతీ సభ్యులారా! కంటికి శుభ్రముగ తోచినదెల్ల శుభ్రము కాదని మేము మనవిచేయుచున్నాము. ఈ సాధనమునకై వేచియుండనేల? బావినీటికి బ్లీచింగు పౌడరు వేయించుట నేడే మనచేతనున్న పని.