దారుల్ షిఫా - ఆరోగ్యదానమునకు ఐదవ పాదము

హైదరాబాదు పాతనగరమున చార్మినారు నుండి మూసీనది వైపు నడచువారికి, సాలార్‌జంగ్ మ్యూజియమునకు చేరువలో దారుల్ షిఫా అను పేట కనబడును. అంగళ్ల పలకలమీద ఈ పేరు నిత్యము కానవచ్చుచున్నను, దాని అర్థమును విచారించువారు తక్కువ. అరబ్బీ భాషలో ‘దార్’ అనగా గృహము. ‘షిఫా’ అనగా రోగనివృత్తి. మన శాసనములలోని ‘ఆరోగ్యశాల’ అను మాటకు ఇంతకంటె సరియైన ప్రతిశబ్దము దొరకదు. ఒకనాడు ఇచట నిజముగనే గొప్ప వైద్యశాల యుండెను. వైద్యము ఆగిపోయినను దాని పేరు పేటకు నిలిచినది. ఆ వైద్యశాల చరిత్రలో, దానధర్మములు చేయు గృహస్థులెల్లరును తెలిసికొనదగిన పాఠమొకటి కలదు.

నగరముతో పుట్టిన వైద్యశాల

గోలకొండను పాలించిన కుతుబ్ షాహీ ప్రభువులలో ఐదవవాడగు మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో మూసీ దక్షిణతీరమున హైదరాబాదు నగరమును స్థాపించెను. ఇతని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులచే ‘మల్కిభరాముడు’ అని కొనియాడబడిన ప్రభువు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. అట్టి తండ్రికి కుమారుడైన మహమ్మద్ కులీ, నగరము వెలసిన నాలుగేండ్లకు, అనగా 1595లో, దారుల్ షిఫాను కట్టించెను. కొత్త నగరమునకు కోటలు, మేడలు మాత్రమే చాలవనియు, రోగికి చోటు లేని నగరము సంపూర్ణము కాదనియు ఆ ప్రభువు గ్రహించెనని దీనివలన తెలియుచున్నది.

రాతితోను, సున్నముతోను కట్టబడిన ఆ భవనము రెండంతస్తులది. నడుమ విశాలమైన ముంగిలి. నాలుగు వైపుల కమానులు గల గదుల వరుసలు. గాలియు వెలుతురును ధారాళముగా వచ్చునట్లు రోగుల గదులను ముంగిలివైపు తెరచియుంచిరి. సమీపమున మసీదును నిర్మించిరి. ఇచట యునానీ పద్ధతిని వైద్యము చేయుటయే గాక, ఆ శాస్త్రమును శిష్యులకు బోధించుచుండిరి. ‘యునానీ’ అను మాట మన ‘యవన’ శబ్దమునకు తోబుట్టువు. గ్రీకుదేశమున పుట్టి, అరబ్బుల, పారసీకుల చేతులలో పెరిగి, ఈ దేశమునకు వచ్చిన శాస్త్రమది. ఆయుర్వేదము వాత పిత్త కఫములను మూడు దోషములను చెప్పగా, యునానీ రక్తము, కఫము, పీతపిత్తము, కృష్ణపిత్తము అను నాలుగు ధాతువులను చెప్పును. లెక్కలో భేదమున్నను, శరీరమందలి సమత్వమే ఆరోగ్యమనుటలో రెండు శాస్త్రములును ఏకీభవించుచున్నవి.

చరకుడు చెప్పిన నాలుగు పాదములు

చికిత్సకు నాలుగు పాదములు కలవని చరకసంహిత సూత్రస్థానము చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీటిలో ఏ ఒక్కటి లోపించినను చికిత్స కుంటువడును. అదే సూత్రస్థానమున పదునైదవ అధ్యాయము వైద్యగృహము ఎట్లుండవలెనో వర్ణించుచున్నది. గృహము దృఢముగా నుండవలెను. పొగయు, ధూళియు చొరరాదు. నీరు, స్నానగృహము, మరుగుదొడ్డి, వంటశాల అమరియుండవలెను. పరిచారకులు శుచులు, దక్షులు, దయగలవారు కావలెను. అంతేకాదు, రోగి మనస్సును ఉల్లాసపరచుటకు పాటలు పాడువారును, కథలు, ఇతిహాస పురాణములు చెప్పువారును ఉండవలెనట! రోగమును మాత్రమే గాక రోగిని కూడ చూచిన మహర్షి దృష్టి ఇది.

అయితే ఒక ప్రశ్న మిగిలియున్నది. వైద్యునికి జీతమెవరు ఇత్తురు? మూలికలు తెచ్చువాని కుటుంబమును ఎవరు పోషింతురు? రాత్రి రోగిచెంత వెలుగు దీపమునకు నూనె ఎచటినుండి వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము మన దేవాలయ శాసనములలో లభించుచున్నది.

వేంకటేశ పెరుమాళ్ సన్నిధిలో పదునైదు శయ్యలు

కాంచీపుర ప్రాంతమున పాలారు, చెయ్యారు, వేగవతి నదులు కలియు చోట తిరుముక్కూడల్ అను గ్రామము కలదు. అచటి వేంకటేశ పెరుమాళ్ ఆలయపు గోడమీద వీరరాజేంద్ర చోళుని కాలపు పెద్ద శాసనమున్నది. అది పదునొకండవ శతాబ్ది ఉత్తరార్ధమునకు చెందినది. ఆలయమునకు అనుబంధముగా వేదపాఠశాల, విద్యార్థుల వసతి, ‘వీరచోళ’ నామముతో ఆరోగ్యశాల నడచినట్లు అందు వ్రాయబడియున్నది. విద్యార్థులకును, ఆలయసేవకులకును ఉద్దేశింపబడిన ఆ ఆరోగ్యశాలలో శయ్యలు 15.

శాసనకర్త అంతటితో తృప్తి చెందలేదు. ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మూలికలు సేకరించి మందులు సిద్ధము చేయుటకు ఇద్దరు, రోగులకు పథ్యము వండి పరిచర్య చేయుటకు ఇద్దరు స్త్రీలు, ఒక మంగలి, ఒక నీళ్లు మోయువాడు - ఇట్లు ఒక్కొక్కరిని పేర్కొని, ఒక్కొక్కరికి ఏటేట ఇన్ని కలముల ధాన్యమని నిర్ణయించెను. రాత్రియంతయు వెలుగవలసిన దీపపు ఖర్చును కూడ మరువలేదు. వాసాహరీతకి, దశమూలహరీతకి, బిల్వాదిఘృతము, కల్యాణలవణము, పురాణఘృతము మొదలుగా ఏడాదికి నిలువచేయవలసిన ఔషధముల పట్టికయు అందున్నది. స్వామి నైవేద్యమునకు పద్దు వ్రాసిన చేతితోనే రోగి పథ్యమునకును పద్దు వ్రాసిరి.

తెలుగు నేలపై ఇట్టి ఉదాహరణము గుంటూరు జిల్లా మల్కాపురము శాసనము. 1261లో కాకతీయ రుద్రమదేవి మందడ గ్రామమును శైవాచార్యుడగు విశ్వేశ్వరశంభువునకు ధారపోసెను. ఆయన ఆ ఆదాయమును మూడు భాగములు చేసెను. ఒకటి దేవునికి, రెండవది మఠమునకును విద్యార్థులకును, మూడవది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రములకు. శైవమైనను, వైష్ణవమైనను దేవుని సొత్తులో ఆర్తునికి వాటా యున్నదను ధర్మమును ఇరువురును ఒక్కటిగా పాటించిరి.

ధాన్యపు కలములుగా, గ్రామపు ఆదాయముగా శాసనములు చెప్పిన ఈ నిత్యవృత్తియే చికిత్సకు ఐదవ పాదము. మొదటి నాలుగు పాదములు రోగిని నిలుపును. ఐదవ పాదము ఆరోగ్యశాలను నిలుపును.

నిలిచినవి గోడలు

ఇప్పుడు మరల దారుల్ షిఫాకు వత్తము. 1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను జయించినవి. కుతుబ్ షాహీ రాజ్యము అంతరించినది. రాజు స్థాపించిన సంస్థ రాజాశ్రయముతో ముడివడియుండుట సహజము. కాలక్రమమున దారుల్ షిఫాలో వైద్యము సన్నగిల్లి, చివరకు ఆగిపోయినది. ముంగిలియు, కమానులును మాత్రము మిగిలినవి. ఆ ప్రాంగణమందలి సర్తౌఖ్ ఆషూర్ఖానాకు మొహర్రము దినములలో భక్తులు నేటికిని వచ్చుచున్నారు. అచట ప్రార్థన నిలిచినది, చికిత్స నిలువలేదు.

దీనిని చూచి మన ఆలయములు మేలని గర్వింప బనిలేదు. తిరుముక్కూడల్‌లో శాసనము నిలిచినది గాని, ఆ పదునైదు శయ్యలు నిలువలేదు. మల్కాపురపు ప్రసూతిశాలయు నేడు లేదు. ధాన్యమును రాతిమీద వ్రాసినంత మాత్రమున అది ఏటేట గాదెకు చేరదు. ఇచ్చువాని తరము గతించిన పిమ్మట, తరువాతి తరము మరల ఇచ్చినగాని వృత్తి సాగదు.

ఈ రహస్యమును గ్రహించినవారు శ్రీరంగమున కనబడుదురు. అచట ఆలయమునకు చెందిన ఆరోగ్యశాల కాలవైపరీత్యమున శిథిలము కాగా, గరుడవాహన భట్టు అను వైద్యుడు దానిని పునరుద్ధరించి, ధన్వంతరి పెరుమాళ్లను ప్రతిష్ఠించెనని 1493 నాటి శాసనము తెలుపుచున్నది. శ్రీరంగనాథుని సేవించు యాత్రికులు నేటికిని ధన్వంతరి సన్నిధిని దర్శించుచున్నారు. శిథిలమైనదానిని చూచి నిట్టూర్చుటకు బదులు, తన తరమున తాను మరల నిలబెట్టుటయే ఆ భట్టుగారు చేసిన కైంకర్యము.

నది చెప్పిన పాఠము

హైదరాబాదులోను ఈ పునరుద్ధరణ ధర్మము వేరు రూపమున సాగినది. దారుల్ షిఫాకు ఎదుటి తీరమున, మూసీ ఉత్తరపు గట్టున, పందొమ్మిదవ శతాబ్దిలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వెలసినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినపుడు ఆ ఆసుపత్రి ధ్వంసమైనది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. భవనము కాపాడలేనివారిని చెట్టు కాపాడినది! ఆ స్థలముననే ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి రూపకల్పనతో ఉస్మానియా ఆసుపత్రి నిర్మింపబడి 1925 నాటికి పూర్తియైనది. 2020 వర్షములలో ఆ పాతభవనములోనికి నీరు చొరబడగా రోగులను అందుండి తరలింపవలసివచ్చినది. 2025 జనవరిలో గోషామహల్ వద్ద కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఒక్క వైద్యశాలను నూరేండ్లలో ఎన్నిమార్లు నిలబెట్టవలసివచ్చినదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

పాతనగరములోను వైద్యము లోపింపలేదు. చార్మినారు చెంత నిజామియా యునానీ వైద్యశాల నిజాముల కాలమున వెలసినది. దారుల్ షిఫాకు కూతవేటు దూరమున, పురానీ హవేలీ వద్ద, యువరాణి దుర్రు షెహ్వార్ పేర ధర్మసంస్థ నడుపు పిల్లల వైద్యశాల కలదు. 1595లో ఆ పేటలో వెలిగిన దీపమునుండి ఒక వత్తి వెలిగించి పక్క వీథిలో ఉంచినట్లున్నది.

మన కర్తవ్యము

ఆరోగ్యదానమును నందిపురాణము ప్రశంసించినదని ధర్మనిబంధకారులు ఉదాహరించుచున్నారు. ధర్మార్థకామమోక్షములకు ఆరోగ్యమే మూలము గనుక, ఆరోగ్యమిచ్చినవాడు నాలుగు పురుషార్థములను ఇచ్చినవాడగునని వారి భావము. తిరుమల శ్రీనివాసుని సన్నిధిని ఆశ్రయించి తిరుపతిలో ఈ ధర్మము కొనసాగుచున్నది. వికలాంగుల శస్త్రచికిత్సకై 1985లో బర్డ్ ఆసుపత్రి ఏర్పడినది. శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ 1993లో సేవలు ప్రారంభించి, 1995లో శాసనసభ చట్టముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది. పేదరోగుల ఖరీదైన చికిత్సలకై 2001లో ప్రాణదాన పథకము మొదలైనది. వీరరాజేంద్రుని నాటి వేంకటేశ పెరుమాళ్ కోవెలలోని పదునైదు శయ్యలకును, నేటి సప్తగిరి పాదమూలమందలి వైద్యాలయములకును మధ్యనున్నది తొమ్మిది శతాబ్దుల దూరమే, ధర్మము ఒక్కటియే.

దానము చేయదలచినవారు సాధారణముగా గది కట్టింపగోరుదురు; గోడమీద తండ్రి పేరు, తాత పేరు చెక్కింపగోరుదురు. అది దోషము కాదు, పితృభక్తియే. కాని దారుల్ షిఫా గోడలు నాలుగు వందల యేండ్లు దాటి నిలిచియుండియు ఒక్క జ్వరమునైనను మాన్పలేకున్నవి. గది కట్టించువారు పదిమంది యున్నచోట, ఆ గదిలో రాత్రి మేల్కొనియుండు పరిచారికకు జీతమిచ్చువాడొక్కడైనను ఉండవలెను. ఒక రోగికి ఒక పూట పథ్యము, ఒక నెల మందులు, ఒక దీపమునకు నూనె - ఇవి ఏ శిలాఫలకము మీదను ఎక్కని దానములు. తిరుముక్కూడల్ శాసనకర్త మాత్రము వీటినే ముందుగా తలచి, దేవుని గోడమీద వ్రాయించెను.

ఇంటింట ఏటేట శ్రీవారికి ముడుపు కట్టు ఆచారము వైష్ణవ గృహములందున్నది. ఆ ముడుపు ప్రక్కననే ఆర్తుని పేర మరియొక చిన్న ముడుపు కట్టి, తమ ఊరి ధర్మవైద్యశాలకు ప్రతి సంవత్సరము తప్పక సమర్పించు గృహస్థు, ఆ శాలకు ఐదవ పాదమగును. తండ్రి కట్టిన ముడుపును కుమారుడు మానక కట్టినపుడే ఆ పాదము స్థిరమగును. ఆర్తత్రాణపరాయణుడగు శ్రీనివాసుడు అట్టి బుద్ధిని తన భక్తులెల్లరకు ప్రసాదించుగాక!