పూజగదిలో తెరెసా పుస్తకం పెట్టుకోవచ్చా?

"జపంలో మనసు నిలవడం లేదు" అనే వీడియో చూసి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. హాస్టల్లో తన పక్క మంచం అమ్మాయి క్రైస్తవురాలు. ఆ అమ్మాయి రోజూ చదువుకునే పుస్తకం ఈమె కూడా తీసి నాలుగు పేజీలు చదివింది. నచ్చింది. ఆ మాట ఇంట్లో చెబితే అమ్మ ఫోన్‌లో ఏడ్చిందట. "నేను తప్పు చేస్తున్నానా? ఆ పుస్తకం పూజగదిలో పెట్టుకోవచ్చా?" అని అడిగింది.

చదవడం తప్పు కాదు. కానీ అమ్మ ఏడిచిందంటే అందులో ఒక భయం ఉంది, దాన్ని చాదస్తం అని కొట్టిపారేయకూడదు. ముందు ఆ పుస్తకం సంగతి చూద్దాం.

రాసింది అవిలా తెరెసా. మదర్ థెరిసా కాదండోయ్, ఆవిడ వేరు! ఈవిడ 1515లో స్పెయిన్‌లో పుట్టారు, 1582లో పోయారు. పుస్తకం పేరు 'ది వే ఆఫ్ పర్ఫెక్షన్'. 1562లో అవిలా ఊళ్లో ఆవిడ ఒక చిన్న మఠం స్థాపించారు. ప్రార్థన ఎలా చేయాలో రాసివ్వమని అక్కడి సన్యాసినులు అడిగితే, వాళ్ల కోసం రాశారు. అంటే ఒక ఆడమనిషి, తనతో కలిసి ఉండే ఆడవాళ్లకి చెప్పుకున్న మాటలు. అందుకే ఆ శైలిలో ఉపన్యాసం కంటే కబుర్లే ఎక్కువ. మధ్యలో పక్కదారి పడతారు, మళ్లీ తనే గుర్తు తెచ్చుకుని వెనక్కి వస్తారు.

ఆ రోజుల్లో ఇలా రాయడం తేలిక కాదు. 1559లో అక్కడి మతవిచారణ అధికారులు ఒక నిషేధ జాబితా వేశారు. స్పానిష్‌లో ఉన్న భక్తి పుస్తకాలు చాలావరకు అందులో పోయాయి. లాటిన్ వచ్చిన పండితులకి దానివల్ల పెద్ద నష్టం లేదు. లాటిన్ రాని ఆడవాళ్లకే చేతిలో పుస్తకం లేకుండా పోయింది. తెరెసాకి కూడా అది బాధే. తర్వాత తను రాసిన ఈ పుస్తకం మొదటి ప్రతిలో, ఆడవాళ్లని తక్కువ చేసి చూడటం గురించి కొంచెం ఘాటుగానే రాశారు. పరిశీలించినవాళ్లు ఆ భాగం కొట్టేయించారు. రెండోసారి తిరగరాసిన ప్రతిలో అది లేదు. కొట్టేసిన గీతల కింద ఉన్న మాటల్ని తరవాతి కాలం పండితులు ఓపిగ్గా చదివి బయటపెట్టారు. చనిపోయిన 388 ఏళ్లకి, 1970లో, ఇదే తెరెసాకి పోప్ ఆరవ పాల్ 'చర్చికి ఆచార్యురాలు' అనే హోదా ఇచ్చారు. ఆ హోదా పొందిన మొదటి స్త్రీ ఆవిడే.

ఇది చదువుతుంటే నాకు మన తరిగొండ వెంగమాంబ గుర్తొచ్చింది. చిన్నప్పుడే భర్త పోయి, ఊరి మాటలు పడి, చివరికి తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం రాసిన తల్లి. స్వామివారి ఏకాంత సేవలో ఈనాటికీ ఆమె పేరు మీద హారతి ఇస్తారు. మనలో ఎంతమంది ఆవిడ పుస్తకం ఒక్కటైనా తెరిచాం? నేనూ ముప్ఫై దాటాకే తెరిచాను లెండి.

ఇక అసలు పాఠానికి వద్దాం. 30వ అధ్యాయంలో ఒక సన్యాసిని కథ ఉంది. ఆమెకి ధ్యానం కుదరదు. నోటితో ప్రార్థన చదవడం ఒక్కటే వచ్చు. మిగతావాళ్లంతా ఎక్కడికో వెళ్లిపోతున్నారు, నేనే వెనకబడ్డాను అని దిగులుపడి తెరెసా దగ్గరికి వచ్చింది. ఎలా చదువుతున్నావమ్మా అని విచారిస్తే తేలిందేమిటంటే, ఆ ఒక్క ప్రార్థన నెమ్మదిగా, మనసుపెట్టి చదువుతూనే ఆమె గాఢమైన ధ్యానంలోకి వెళ్లిపోతోంది. ఆ సంగతి ఆమెకే తెలియదు!

అందుకే తెరెసా తన పుస్తకం చివరి భాగమంతా క్రైస్తవులు రోజూ చెప్పుకునే ఒక్క ప్రార్థన మీదే పెట్టారు. ఒక్కో మాట దగ్గర ఆగి, "ఇప్పుడు నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నది గుర్తుచేస్తూ నడిపిస్తారు. మనం చేసే పని చూడండి: మెట్రోలో చెవిలో ఇయర్‌ఫోన్స్, విష్ణు సహస్రనామం డబుల్ స్పీడ్‌లో! ఈ వారం ఒక పని చేయండి. గోవింద నామాల్లో పది మాత్రమే తీసుకోండి. ఒక్కో నామం దగ్గర ఆగండి. శ్రీనివాసా అంటే ఎవరు, నేను పిలుస్తున్నది ఎవరిని అని ఒక్క క్షణం తలుచుకుని తర్వాతి నామానికి వెళ్లండి. మనసు పారిపోతే తిట్టుకోకుండా మళ్లీ అదే నామం దగ్గరికి రండి.

రోజూ ఇది రుచిస్తుందని చెప్పను. తన ఆత్మకథలో తెరెసా ప్రార్థనని తోటకి నీళ్లు పెట్టడంతో పోలుస్తారు. మొదట బావిలోంచి చేదతో తోడుకోవాలి, చేతులు నొప్పెడతాయి. తర్వాత నీటిచక్రం, ఆ తర్వాత ఏటి పారుదల, చివరికి వాన. ఒక్కోసారి చేద ఖాళీగానే పైకి వస్తుంది. అయినా తోటమాలి బావి దగ్గరికి వెళ్లడం మానడు. గీతలో కృష్ణుడు అర్జునుడికి అభ్యాసం గురించి చెప్పింది తెలిసినవాళ్లకి ఈ పోలిక వెంటనే పట్టుబడుతుంది.

అలాగని "అన్నీ ఒకటేలే" అని తేల్చేయకండి. తెరెసా కొలిచింది ఏసుని, నడిచింది తన చర్చి ఆజ్ఞలో. ఆవిడ మాటల్ని అద్వైతంగా మార్చి చదివితే అది ఆవిడకి మర్యాద కాదు, మనకీ ఏమీ అర్థం కాదు. పొరుగింటికి వెళ్లినప్పుడు వాళ్ల దేవుడి పటం దగ్గర చెప్పులు విడుస్తాం కదా, అలా చదవాలి. మీ ఇష్టదైవం మీ దగ్గరే ఉంటాడు.

పూజగది సంగతి అంటారా, అక్కడ అవసరం లేదమ్మా, చదువుకునే బల్ల మీద ఉంచుకో. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పుస్తకం దాచేయకు. ఆ 30వ అధ్యాయంలోని కథ అమ్మ వంట చేసుకుంటూ ఉంటే పక్కన కూర్చుని తెలుగులో చెప్పు. తర్వాత అమ్మ రోజూ ఏ నామం చదువుతుందో, ఎవరు నేర్పారో అడుగు.