ఆంగ్ల ఎం.ఏ.: ఉపాధి మార్గాలు

విశ్వవిద్యాలయంలో ఆంగ్లం చదవడమంటే ధారాళంగా మాట్లాడడం నేర్చుకోవడమేనన్న అభిప్రాయం తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ బలంగా ఉంది. నిజానికి ఎం.ఏ. స్థాయిలో ఆ చదువు సాహిత్యం చుట్టూ, భాష నిర్మాణాన్నీ అది పనిచేసే తీరునూ పరిశీలించే భాషాశాస్త్రం చుట్టూ సాగుతుంది. ఒక రచనను పదం పదంగా పరిశీలించి, అందులో చెప్పినదాన్నీ చెప్పక విడిచినదాన్నీ పట్టుకునే సూక్ష్మ పఠనమూ, ఆ గ్రహింపును ఆధారాలతో రాసి చూపే అలవాటూ ఈ పట్టా ఇచ్చే అసలు సంపద.

ఎక్కువమంది ఎంచుకునేది అధ్యాపక వృత్తి. బీఈడీ కూడా ఉన్నవారు ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీ ద్వారా పాఠశాలల్లోకి, పీజీతో జూనియర్ కళాశాలల్లోకి వెళ్లవచ్చు. డిగ్రీ కళాశాలల్లో సహాయ ఆచార్య పదవికి జాతీయ స్థాయి అర్హత పరీక్ష యూజీసీ నెట్ గాని రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్ గాని కనీస అర్హత కాగా, పీహెచ్‌డీ చేసినవారికి నిబంధనల మేరకు మినహాయింపు ఉంటుంది. పీజీలో సాధారణంగా 55 శాతం, రిజర్వుడ్ వర్గాలకు 50 శాతం మార్కులు ఉండాలి. నెట్‌లో బోధన, పరిశోధన సామర్థ్యాలపై 50 ప్రశ్నలు, ఆంగ్లంపై 100 ప్రశ్నలు వస్తాయి.

ఈ వృత్తిలో నిలదొక్కుకోదలచినవారికి హైదరాబాదులోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ప్రత్యేకంగా గమనించదగినది. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఈ సంస్థ, ఆంగ్లం మాతృభాష కానివారికి దాన్ని ఎలా బోధించాలన్న ప్రశ్ననే ఒక శాస్త్రంగా అధ్యయనం చేయిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి తాను పడిన కష్టాన్నే బోధనా జ్ఞానంగా మార్చుకోవడానికి ఇక్కడ అవకాశం దొరుకుతుంది.

తగినంత గుర్తింపు పొందని రంగం అనువాదం. రెండు భాషల్లోనూ సమానంగా రాయగలవారు అరుదు కావడంతో, ప్రచురణ సంస్థలు, వార్తా సంస్థలు, ఉపశీర్షికలు తయారుచేసే సంస్థలు అలాంటివారి కోసం వెతుకుతుంటాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అనువాద అధ్యయనం చేయించే కేంద్రం కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో సాంకేతిక రచన, అంటే ఒక ఉత్పత్తిని ఎలా వాడాలో తేటగా వివరించే పత్రాలు రాయడం, మరో స్థిరమైన ఉపాధి. పోటీ పరీక్షల వైపు వెళ్లేవారు సివిల్స్ మెయిన్స్‌లో ఆంగ్ల సాహిత్యాన్ని 500 మార్కుల ఐచ్ఛికాంశంగానూ తీసుకోవచ్చు.

అయితే పట్టా ఒక్కటే ఈ ద్వారాలను తెరవదు. అందువల్ల విద్యార్థులు మొదటి సంవత్సరం నుంచే బోధన, అనువాదం, సాంకేతిక రచనల్లో ఒకదాన్ని ఎంచుకొని సాధన చేయాలి. రెండు భాషల్లోనూ పట్టు నిలుపుకోవడానికి తెలుగు చదవడం మాత్రం ఏ దశలోనూ మానకూడదు.